గునపమ్మకు అర్థం కాలేదు

అనగనగా అంటే మరీ అంత పాత రోజులేం కాదర్రా. కొండల మధ్య ఒక టేకు అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున ఒక నల్ల బండ. ఆ బండ పక్కనే బొరియలో కంటకయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు.

"ముళ్ళపందులు పగలంతా పడుకుంటాయి కదా?" అని అడగబోతున్నారు. మంచి ప్రశ్నే. నిజంగా అయితే పడుకుంటాయి. కానీ కంటకయ్య పడుకుంటే మన కథ నడవదు. అందుకని ఈ ఒక్క కథకు లేపాను.

కంటకయ్య పని రాయడం. కలం కోసం ఆయన ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. వీపు మీది ముల్లు ఒకటి రాలితే అదే కలం. లేత టేకు చిగుళ్ళు నలిపితే ఎర్రటి రసం వస్తుంది. అదే సిరా. ముదురు టేకాకు చాటంత ఉంటుంది. అదే కాగితం. అడవిలో అందరికీ తెలియాల్సిన సంగతి ఏదైనా ఉంటే కంటకయ్య ఆకు మీద రాసేవాడు. తర్వాత బండ ఎక్కి గట్టిగా చదివి వినిపించేవాడు.

ఆ సంగతులు ఆయనకు చెప్పేది తాయారమ్మ. తాయారమ్మ ఒక నీటికుక్క. అంటే వాగులో చేపలు పట్టుకుని బతికే జంతువు. ఆమెకు ఏదైనా సరే స్వయంగా చూస్తే తప్ప నమ్మకం కుదరదు. ఆకుకు చిన్న చిల్లు పెట్టేది. ఆ చిల్లులో ఒక మంచుబొట్టు నిలబెట్టేది. అందులోంచి చూసేది. బొట్టులోంచి చూస్తే చీమ మీసం కూడా తాడంత లావుగా కనిపిస్తుంది. అలా చూసిందే మళ్ళీ చూసి, నిజం అని తేలాకే నోరు విప్పేది.

ఆ అడవిలో ఒక వింత అలవాటు కూడా ఉండేది. కంటకయ్య చదవడం ఆపగానే అందరూ తలలు ఊపాలి. "ఆహా! ఏం రాశారండీ!" అనాలి. అర్థమైందా లేదా అన్నది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తల ఊపకపోతే పక్కవాళ్ళు ఏమనుకుంటారో అని అందరికీ లోపల భయం. చిట్టెబ్బాయి అనే నక్క ఉండేవాడు. వాడైతే కంటకయ్య నోరు తెరవకముందే తల ఊపడం మొదలుపెట్టేవాడు. మెడ పట్టేసినా ఆపేవాడు కాదు.

ఆ ఊగే తలల్ని చూసి కంటకయ్య తన రాతను మించిన రాత లేదనుకున్నాడు. అనుకోడా మరి? మీరైనా అనుకుంటారు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు పారడం ఆగిపోయింది. ఇసుక మధ్యలో ఒకే ఒక్క మడుగు మిగిలింది. అడవి మొత్తానికి అవే నీళ్ళు. అందరూ అందులోనే తాగారు. అందులోనే పొర్లారు. అందులోనే ఇంకా ఏమేం చేశారో నేను చెప్పను. మీరే ఊహించుకోండి. ముక్కు మూసుకుని ఊహించుకోండి.

కొన్నాళ్ళకు పిల్లలకు జబ్బులు మొదలయ్యాయి. ముందు దుప్పి పిల్లలకు వచ్చింది. తర్వాత కొండముచ్చు పిల్లలకు వచ్చింది. ఆ తర్వాత గునపమ్మ పిల్లలకు వచ్చింది.

గునపమ్మ అంటే అడవిపంది. ముట్టెతో నేలను గునపంలా తవ్వేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆమె నోరు కాస్త పెద్దది. మనసులో ఒక మాట, పైకి ఒక మాట ఆమెకు చేతకాదు. ఆమె పిల్లలందరికీ కడుపులు పాడయ్యాయి. అందరికంటే చిన్నది చిటికి. పొద్దస్తమానం తల్లి కాళ్ళకు అడ్డం పడుతూ తిరిగే చిటికి, ఇప్పుడు లేచి నిలబడటం కూడా మానేసింది. గునపమ్మకు తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు.

తాయారమ్మ మడుగు నీళ్ళను రోజూ మంచుబొట్టులోంచి చూసింది. ఇసుకలో గుంట చేసి, అందులో ఊరిన నీళ్ళనూ చూసింది. నిజమని తేలాక కంటకయ్య దగ్గరికి పరుగున వచ్చింది.

"కంటకయ్యా, మడుగు నీళ్ళు తాగబట్టే పిల్లలకు జబ్బు చేస్తోంది. ఇసుకలో ఊరిన నీళ్ళు చాలా నయం. అందరికీ తెలిసేలా వెంటనే రాయి" అంది. తను చూసిందంతా వివరంగా చెప్పింది.

చూశారా, సంగతి ఎంత చిన్నదో! మడుగు నీళ్ళు తాగొద్దు. ఇసుకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్ళు తాగండి. చెలమ అంటే తెలుసు కదా? ఎండిన వాగులో ఇసుకను కాస్త లోతుగా తవ్వితే అడుగున నీళ్ళు ఊరతాయి. అదే చెలమ. ఈ రెండు ముక్కలూ చెబితే పిల్లలు బతుకుతారు.

కానీ కంటకయ్యకు వేరే బెంగ పట్టుకుంది. "తాయారమ్మ ఎంతో తెలిసినావిడ. నేను మామూలు మాటల్లో రాస్తే నాకేమీ తెలియదని అనుకుంటుందేమో!" అని భయపడ్డాడు. రాయాల్సింది పిల్లలున్న తల్లుల కోసం. ఆయన రాసింది తాయారమ్మ మెప్పు కోసం.

బండ ఎక్కి, గొంతు సవరించుకుని, ఇలా చదివాడు.

"నిశ్చల జలాశయమందు అగోచర సూక్ష్మజీవ సముదాయము మిక్కిలి ప్రబలియున్నది. సైకత స్తరముల గుండా పరిస్రావితమైన జలమే సమస్త ప్రాణికోటికిని శ్రేయోదాయకము!"

అందరూ తలలు ఊపారు. "ఆహా!" అన్నాయి దుప్పులు. "ఓహో!" అన్నాయి కొండముచ్చులు. "ఇంత బాగా ఇంకెవరు రాయగలరండీ!" అన్నాడు నక్క చిట్టెబ్బాయి.

ఒక్క తల మాత్రం ఊగలేదు.

"కంటకయ్యన్నా, నాకు అర్థం కాలా" అంది గునపమ్మ.

ఊగే తలలన్నీ ఆగి ఆమె వైపు తిరిగాయి. ఆ బండ దగ్గర అలాంటి మాట ఎవరూ ఎన్నడూ అనలేదు.

"నా పిల్లకి బాగలేదన్నా. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావో చెప్పు" అంది మళ్ళీ.

కంటకయ్య ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "ఇంతమందికి అర్థమైంది. నీ ఒక్కదానికే అర్థం కాలేదంటే తప్పు నాదా, నీదా?" అన్నాడు.

అందరూ కిసుక్కున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది చిట్టెబ్బాయే. గునపమ్మ ముట్టె దించుకుని, "అట్టనే లేన్నా" అని వెళ్ళిపోయింది.

తర్వాత ఏం జరిగిందో తెలుసా? ఆహా ఓహో అని అరిచి అరిచి అందరికీ గొంతులు ఎండిపోయాయి. అందరూ తిన్నగా మడుగు దగ్గరికి వెళ్ళి కడుపునిండా నీళ్ళు తాగారు! గునపమ్మ కూడా మోదుగాకు దొన్నెలో అవే నీళ్ళు పట్టుకెళ్ళి చిటికికి తాగించింది. తెలిస్తే తాగిస్తుందా ఏ తల్లైనా? ఈ చోటికి వచ్చేసరికి నాకు ఎప్పుడూ ఒళ్ళు మండిపోతుంది.

మర్నాడు తాయారమ్మ వచ్చింది. "నువ్వు రాసిన దాంట్లో ఒక్క తప్పు కూడా లేదు కంటకయ్యా. మరి అందరూ ఇంకా మడుగులోనే తాగుతున్నారేం?" అంది.

కంటకయ్య ఆలోచించాడు. "అవును. తప్పు లేదు, కానీ ఊపు లేదు. వినేవాళ్ళ వెంట్రుకలు నిలబడేలా రాయాలి" అనుకున్నాడు. గునపమ్మ అడిగిన ప్రశ్న ఆయనకు గుర్తే రాలేదు. ఇంకో ఆకు తీసి చకచకా రాసేశాడు. బండ మీదికి ఎగిరి దూకినంత పని చేశాడు.

"అడవి బిడ్డలారా! మేలుకోండి! మన మడుగులో శత్రుసైన్యం దాగి ఉంది! కోట్ల కోట్ల సైనికులు! మన పిల్లల కడుపుల మీద దండెత్తుతున్నారు! ఇంకా చూస్తూ ఊరుకుంటారా?"

ఈసారి నిజంగానే అందరి చెవులూ నిక్కబొడుచుకున్నాయి. వెనక వరుసలో భీమలింగం అనే అడవిదున్న ఉన్నాడు. ఆయనకు బలం ఎక్కువ. ఆలోచన దాని వెనకాల మెల్లగా వస్తుంది.

"ఎక్కడ్రా ఆ సైన్యం? మన పిల్లల జోలికే వస్తారా?" అని రంకె వేశాడు భీమలింగం. తన మందనంతా వెంటేసుకుని మడుగులోకి దూకాడు. దున్నలన్నీ కలిసి మడుగును కసాబిసా తొక్కేశాయి. కొమ్ములతో కుమ్మేశాయి. అడుగున పేరుకున్న కుళ్ళంతా పైకి లేచింది. నీళ్ళు చిక్కటి బురదగా మారిపోయాయి.

కాసేపటికి భీమలింగం ఒంటినిండా బురదతో ఒడ్డుకు వచ్చాడు. "ఒక్కడూ దొరకలేదు. నన్ను చూసి పారిపోయి ఉంటారు. ఇంక భయం లేదు, హాయిగా తాగండి!" అన్నాడు.

అందరూ సంతోషంగా ఆ బురదనీళ్ళు తాగారు. సాయంత్రానికి జబ్బు పడినవాళ్ళు ఇంకా ఎక్కువయ్యారు. పాపం, భీమలింగం కూడా కడుపు పట్టుకుని పొదల వెంట తిరిగాడు. నవ్వకండర్రా. ఆయన మంచికే చేశాడు. సైన్యం అని చెబితే యుద్ధానికే కదా వెళతాడు!

చీకటి పడకముందే గునపమ్మ బండ దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే కంటకయ్యను ఎక్కువ బాధపెట్టింది.

"అన్నా, సైన్యం అన్నావు గదా. పారిపోయిందన్నారు గదా. మరి నా చిటికి కళ్ళు తెరవట్లేదేంది?" అంది.

కంటకయ్య ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాడు. గునపమ్మ పిల్ల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది.

కంటకయ్య బొరియలోకి వెళ్ళి కూర్చున్నాడు. "ఈ మందకు తెలివి లేదు, ఎంత రాసినా దండగే" అని అనుకుని ముడుచుకు పడుకోవచ్చు. అలా అనుకోవడం చాలా సుఖం. చాలామంది అలాగే అనుకుంటారు కూడా. కానీ చిటికి ఆయన కళ్ళ ముందు మెదిలింది. "అన్ని తలలు ఊగాయి. ఒక్కళ్ళయినా చెలమ తవ్వలేదు. నాకు అర్థం కాలేదని చెప్పింది గునపమ్మ ఒక్కతే. నేనేమో ఆమెను అందరి ముందూ నవ్వులపాలు చేశాను" అనుకున్నాడు. ఆయనకు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది.

తెల్లారగానే ఒక కొత్త టేకాకు, ఒక ముల్లు, కాస్త సిరా పట్టుకుని గునపమ్మ పొద దగ్గరికి వెళ్ళాడు. చిటికి తల్లి పొట్టకు ఆనుకుని పడుకుని ఉంది. పక్కన దొన్నెలో మడుగు నీళ్ళు ఉన్నాయి.

"అమ్మా గునపమ్మా, మొన్న నిన్ను అనరాని మాట అన్నాను. తప్పు నాదే, క్షమించు. ముందు ఆ దొన్నెలో నీళ్ళు పారబొయ్యి తల్లీ" అన్నాడు.

"అయ్యో, ఎందుకన్నా? పిల్ల దాహంతో ఉంది. ఉన్నవి అవే గదా" అంది గునపమ్మ.

"వాటిలో సూక్ష్మజీవులు ఉన్నాయమ్మా."

"అంటే?"

కంటకయ్య తేలిక మాట వెతుక్కున్నాడు. "అంటే చాలా చాలా చిన్న పురుగులు. అవి కడుపులోకి పోతే జబ్బు చేస్తుంది."

గునపమ్మ దొన్నెలోకి తొంగి చూసింది. "ఒక్క పురుగు కూడా కనబళ్ళేదే!"

"మన కళ్ళకు కనబడవు. అంత చిన్నవి."

"కనబడనివి ఉన్నాయని నీకెట్టా తెలిసిందన్నా?"

"తాయారమ్మ మంచుబొట్టులోంచి చూసింది. రోజూ చూసింది. ప్రతిసారీ కనబడ్డాయి."

"తాయారమ్మ చూసిందా? ఆ మాట ముందే చెప్పొచ్చు గదా!" అని గునపమ్మ దొన్నెను ఒక్క తోపు తోసింది. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి.

కంటకయ్య ముల్లు తీసి, ఆకు మీద గబగబా రాసుకున్నాడు. సంగతి ఎవరు కనిపెట్టారో, ఎలా కనిపెట్టారో చెప్పాలని ఆయనకు అప్పటిదాకా తోచనే లేదు.

"మరి ఏ నీళ్ళు తాగించాలి?" అంది గునపమ్మ.

"ఇసుకలో చెలమ తవ్వి, అందులో ఊరిన నీళ్ళు."

"అవీ ఈ వాగు నీళ్ళే గదన్నా?"

"అవే. కానీ ఇసుక ఆ పురుగుల్ని వడగడుతుంది."

గునపమ్మ ముట్టె ఎగరేసి ఆలోచించింది. "ఇదీ అర్థం కాలా. ఇసుకలోంచి నీళ్ళు వస్తన్నాయంటే రేణువుల మధ్యన సందులున్నట్టే గదా. కంటికి కనబడనంత చిన్న పురుగులు ఆ సందుల్లోంచి రాలేవా?"

కంటకయ్యకు తన మొదటి ఆకు గుర్తొచ్చింది. వడగట్టిన నీళ్ళను పరిస్రావితము అని బండ మీద ఎంత దర్జాగా చదివాడు! అదెలా జరుగుతుందో ఆయనకే తెలియదు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడగకపోతే తనకు తెలియదన్న సంగతి తనకెలా తెలుస్తుంది?

"నాకు తెలియదమ్మా" అన్నాడు చివరికి. ఆ మాట అనగానే ఆయన ముళ్ళన్నీ మెత్తగా వాలిపోయాయి. "పద, తాయారమ్మను అడుగుదాం."

ఇద్దరూ వాగులోకి దిగారు. తాయారమ్మ ఇసుకలో కూర్చుని మంచుబొట్టులోంచి చూస్తోంది. గునపమ్మ తన ప్రశ్నను మళ్ళీ అడిగింది. తాయారమ్మ కళ్ళు మెరిశాయి.

"ఎంత మంచి ప్రశ్న అడిగావమ్మా! ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా నన్నిలా అడగలేదు" అంది. "నీళ్ళు ఇసుకలో తిన్నగా రావు. ఒక్కో రేణువు చుట్టూ తిరిగి తిరిగి వస్తాయి. ఆ దారిలో పురుగులు రేణువులకు అంటుకుని అక్కడే ఉండిపోతాయి. నువ్వు రేగుపొదలోంచి దూరి వస్తే ఏమవుతుంది?"

"నా వెంట్రుకలు ముళ్ళకు చిక్కుకుని ఆడనే ఉండిపోతాయి" అంది గునపమ్మ.

"ముళ్ళ మధ్య నువ్వు పట్టేంత సందు ఉంది. అయినా వెంట్రుకలు ఆగిపోయాయి. ఇదీ కొంచెం అలాంటిదే."

"ఆఁ! ఇప్పుడు అర్థమైంది!" అని గునపమ్మ అరిచింది. అంతలోనే మళ్ళీ అడిగింది. "అన్నీ ఆగిపోతాయా?"

"అన్నీ ఆగవు. చాలావరకు ఆగుతాయి" అంది తాయారమ్మ.

కంటకయ్య తల గోక్కున్నాడు. "అన్నీ ఆగిపోతాయని రాస్తే బాగుంటుంది కదా తాయారమ్మా? వినేవాళ్ళకు ధైర్యంగా ఉంటుంది."

"బాగుండదు. రేపు చెలమ నీళ్ళు తాగినవాళ్ళకు కాస్త కడుపునొప్పి వచ్చినా నీ మాటా పోతుంది, నా మాటా పోతుంది. ఆ తర్వాత మనం నిజం చెప్పినా ఎవరూ వినరు. ఉన్నది ఉన్నట్టు రాయి" అంది తాయారమ్మ.

"ఎక్కడ తవ్వాలి తాయారమ్మక్కా?" అని అడిగింది గునపమ్మ.

"మడుగుకు బాగా ఎడంగా, ఎగువన తవ్వాలి. ఎవరూ తొక్కని చోటు చూసుకోవాలి. మొదట ఊరిన బురదనీళ్ళు తోడి పారబొయ్యాలి. తర్వాత తేటగా ఊరే నీళ్ళు తాగాలి. ఎవరూ అందులోకి దిగకుండా చుట్టూ కంప వెయ్యాలి."

తాయారమ్మ మాట పూర్తయ్యేలోపే గునపమ్మ ఎగువకు పరిగెత్తి ఇసుకను తవ్వడం మొదలుపెట్టింది. ఇసుక అటూ ఇటూ ఎగిరి కంటకయ్య కళ్ళల్లో కూడా పడింది. అడుగున మెల్లగా తడి కనిపించింది. తర్వాత నీళ్ళు ఊరాయి. మొదటివి తోడేశారు. తేటనీళ్ళు వచ్చాక గునపమ్మ దొన్నె నింపుకుని చిటికి దగ్గరికి వెళ్ళింది. కొంచెం కొంచెంగా తాగించింది.

కంటకయ్య ఆ పొద పక్కనే కూర్చుని రాశాడు. ఒక్కో వాక్యం రాసి గునపమ్మకు చదివి వినిపించాడు. ఆమె "ఊఁ" అంటే తర్వాతి వాక్యానికి వెళ్ళాడు. ఆమె మూతి ముడిస్తే కొట్టేసి మళ్ళీ రాశాడు. ఎన్ని ఆకులు పాడయ్యాయో లెక్కే లేదు. ఒకచోట ఆయనకు ఎంతో నచ్చిన పెద్ద మాట ఒకటి పోయింది. కాస్త బాధపడ్డాడు, కానీ తీసేశాడు.

ఆ మధ్యాహ్నమే బండ ఎక్కి చదివాడు.

"మడుగు నీళ్ళు తాగబట్టే మన పిల్లలకు జబ్బు చేస్తోంది. మనం తాగే నీళ్ళలోనే పొర్లుతున్నాం. అందుకని అందులో కంటికి కనబడనంత చిన్న పురుగులు పెరిగాయి. తాయారమ్మ వాటిని మంచుబొట్టులోంచి చూసింది. కావాలంటే మీరూ వెళ్ళి చూడండి. మడుగుకు ఎగువన, ఎవరూ తొక్కని చోట ఇసుకలో చెలమ తవ్వండి. మొదట వచ్చే బురదనీళ్ళు తోడెయ్యండి. తర్వాత ఊరే తేటనీళ్ళు తాగండి. నీళ్ళు ఇసుకలోంచి వచ్చేటప్పుడు ఆ పురుగులు చాలావరకు రేణువులకు అంటుకుని ఆగిపోతాయి. అన్నీ ఆగవు. అయినా మడుగు నీళ్ళకంటే ఇవి చాలా నయం. చెలమలోకి మాత్రం ఎవరూ దిగకండి."

చదవడం అయిపోయింది. కంటకయ్య తల ఎత్తి చూశాడు.

ఒక్క తల కూడా ఊగలేదు. "ఆహా" లేదు. "ఓహో" లేదు. "అయ్యో, ఇదీ చెడిందా?" అనుకున్నాడు.

తల ఊపడానికి అక్కడ ఎవరూ నిలబడి లేరు మరి! అందరూ వాగులోకి పరిగెత్తుతున్నారు. దుప్పులు గిట్టలతో తవ్వుతున్నాయి. కొండముచ్చులు చేతులతో ఇసుక తోడుతున్నాయి. భీమలింగం నీరసంగా ఉన్నా కంప మోసుకొస్తున్నాడు. చిట్టెబ్బాయి కూడా తల ఊపడం మరిచిపోయి, నాలుక బయటపెట్టి మరీ తవ్వుతున్నాడు. కంటకయ్య అది చూస్తూ బండ మీదే చతికిలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు వాటంతట అవే కారిపోయాయి.

రోజులు గడిచేకొద్దీ పిల్లలు కోలుకున్నారు. అందరికంటే ఆలస్యంగా కోలుకున్నది చిటికి. ముందు కళ్ళు తెరిచింది. తర్వాత తల ఎత్తింది. ఒకరోజు పొద్దున్నే లేచి, తూలుకుంటూ నడిచి, తల్లి కాళ్ళకు అడ్డం పడింది. గునపమ్మ దబ్బున కిందపడింది. పడి, లేవకుండా అలాగే నవ్వుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం అందరూ బండ దగ్గరికి వచ్చారు. తునికి పండ్లు తెచ్చారు, దుంపలు తెచ్చారు. కంటకయ్య ముందు కుప్ప పోశారు.

"మా పిల్లల్ని కాపాడావయ్యా!" అన్నాయి దుప్పులు.

"మీ రాతే రాత అండీ!" అన్నాడు చిట్టెబ్బాయి, పాత అలవాటు కొద్దీ.

కంటకయ్య ఒక్క పండు కూడా ముట్టుకోలేదు. బండ దిగి, వెనకాల నిలబడి ఉన్న గునపమ్మ దగ్గరికి వెళ్ళి, అందరి ముందూ వంగి దణ్ణం పెట్టాడు.

"కనిపెట్టింది తాయారమ్మ. నాకు రాయడం నేర్పింది ఈమె. మీరంతా తలలు ఊపితే నేను పొంగిపోయాను. ఈమె అర్థం కాలేదంటే కసురుకున్నాను. ఆ రోజే ఈమె మాట విని ఉంటే ఈ పిల్లలు ఇన్ని రోజులు బాధపడేవాళ్ళు కాదు. ఈ పండ్లు ఈమెవి. నీ రుణం తీర్చుకోలేనమ్మా" అన్నాడు.

గునపమ్మ బిడియపడి చెవులు ఊపింది. "అదేందన్నా! నాకు తెలవలా. తెలవలేదని చెప్పా. అంతేగా నేను చేసింది. నువ్వే నా పొదకి వచ్చావు చూడు, అది గొప్ప. నా పిల్లని నాకు దక్కించావు. నేనే నీకు దణ్ణం పెట్టాలి" అంది. పెట్టింది కూడా. ఇద్దరూ ఒకేసారి వంగేసరికి ఒక ముల్లు వెళ్ళి ఆమె ముట్టెకు గుచ్చుకుంది. "అబ్బా!" అంది గునపమ్మ. అందరూ పడీ పడీ నవ్వారు.

ఆ నవ్వులో చిట్టెబ్బాయికి కాస్త ధైర్యం వచ్చింది. "నిజం చెప్పాలంటే మొన్నటిదాకా మీరు చదివింది నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదండీ" అన్నాడు నేల చూపులు చూస్తూ. "నాకూ అంతే" అన్నాడు భీమలింగం. "మాకూ" అన్నాయి దుప్పులు. ఎవరూ ఎవరినీ వెక్కిరించలేదు.

తర్వాత వానలొచ్చాయి. వాగు మళ్ళీ పారింది. వానతో పాటు ఉరుములూ మెరుపులూ వచ్చాయి. పిడుగు పడే వేళ ఒంటరిగా ఉన్న పెద్ద చెట్టు కింద ఎందుకు నిలబడకూడదో తాయారమ్మ చెప్పింది. కంటకయ్య రాశాడు. ఆకు మీద సిరా ఇంకా తడిగా ఉంది. బండ వైపు వెళ్ళలేదు. ఆకునూ సిరానూ చినుకులు పడకుండా పొట్ట కింద దాచుకుని, తాను తడుస్తూ తిన్నగా గునపమ్మ పొద దగ్గరికే వెళ్ళాడు.

"అమ్మా, ఒక్కసారి విను" అని మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

గునపమ్మ శ్రద్ధగా వింది. చిటికి కూడా పక్కన కూర్చుని వింది. చదవడం అయ్యాక గునపమ్మ ముట్టె ఎగరేసింది.

"అర్థం కాలా అన్నా" అంది.

కంటకయ్య ముఖం వెలిగిపోయింది. చిటికి పక్కనే సర్దుకుని కూర్చుని, ముల్లు సిరాలో ముంచాడు.

"బతికించావు తల్లీ! ఎక్కడ అర్థం కాలేదో చెప్పు" అన్నాడు.

నీతి: అర్థం కాలేదని నిజం చెప్పేవారు మనకు మేలు చేసేవారు. వారి మీద కోపం తెచ్చుకోకుండా, దణ్ణం పెట్టి, అర్థమయ్యేదాకా మళ్ళీ చెప్పాలి.